ఎంత వస్తుంది? ఎన్నాళ్లుంటుంది?

వియ్యంకులు కలిస్తే మాట నీళ్ల మీదికి మళ్లడం కృష్ణా జిల్లాలో మామూలే. ఈ ఇద్దరిలో ఒకాయన జలశాస్త్రం బోధించి రిటైరై బందరులో ఉంటున్నారు. రెండో ఆయన దివిసీమలో కోడూరు వైపు శివారు రైతు, నీటి సంఘంలో తిరిగిన మనిషి. పిల్లల కాపురం గుడివాడలో. పండక్కి అక్కడ కలిశారు. బందరు బావగారి చేతిలో ఓ కాగితం ఉంది: కింది కృష్ణా డెల్టాలో నీటి మీద పనిచేసే పరిశోధకులంతా కలిసి ముందుగా పట్టుకోవాల్సిన ప్రశ్నలు. గొడవ దాని దగ్గరే మొదలైంది. మనుషులు నా కల్పన, వాదన మాత్రం కాదు. కాబట్టి పేర్లు వద్దు, ఊళ్ల పేర్లతోనే పిలుద్దాం.

దివి: ఇంతకీ ఈ జాబితా రాయమని మిమ్మల్ని ఎవరడిగారండీ బావగారూ?

బందరు: ఎవరూ అడగలేదు. అదే ఇక్కడి ఇబ్బంది. వరద అంచనా కేంద్ర జలసంఘానిది. తుఫాను వాతావరణ శాఖది. ఉప్పెన సంగతి హైదరాబాదులో ఇన్‌కాయిస్ వాళ్లు చూస్తారు. ఉప్పునేలల మీద పని బాపట్లలో, ఉప్పును ఓర్చుకునే వరి రకాల మీద మా బందరు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో. జాతీయ జలవిజ్ఞాన సంస్థకి డెల్టాల కోసమని కాకినాడలో ఓ ప్రాంతీయ కేంద్రమే ఉంది. అందరూ పనిమంతులే. కానీ ఒకరు కొలిచింది ఇంకొకరి లెక్కలో ఇమడదు. ప్రశ్న ఉమ్మడిది కానప్పుడు సమాధానం ఉమ్మడిది ఎలా అవుతుంది?

దివి: అందుకని ఉమ్మడి ప్రశ్నలు మీరొక్కరే కూర్చుని రాస్తున్నారు.

బందరు: వెక్కిరించండి. ఇది నా సొంత తెలివి కాదు. 1900లో హిల్బర్ట్ అనే గణితవేత్త రాబోయే శతాబ్దం ముందు 23 సమస్యలు పెట్టాడు. గణితం చాలాకాలం వాటి చుట్టూ తిరిగింది. ఆ వరసలోనే 2017 నవంబరులో వియన్నా ఆచార్యుడు గుంటర్ బ్లోష్ల్, అంతర్జాతీయ జలవిజ్ఞాన సంఘం తరఫున, లోకంలోని జలశాస్త్రవేత్తలందరినీ ఒక్కటే అడిగాడు: మనకింకా తెలియనివేమిటి? రెండు వందల పైచిలుకు ప్రశ్నలు వచ్చాయి. 2018 ఏప్రిల్‌లో వియన్నాలో చేరి కొన్ని కలిపారు, కొన్ని కొట్టేశారు, ఓట్లు కూడా వేసుకున్నారు. చివరికి మిగిలినవి 23. 2019లో అచ్చయిన ఆ వ్యాసానికి రచయితలు 230 మంది.

దివి: ఆ 230 మందిలో కాలవ శివారున పొలం ఉన్నవాళ్లెందరు?

బందరు: పొలం ఉంటేనే ప్రశ్న తెలుస్తుందా? ఆ 23లో ఒకటి వినండి. వరదల కాలాలూ కరువు కాలాలూ గుంపులు గుంపులుగా ఎందుకొస్తాయి, ఆ తీరు మారుతోందా అని. ఇది మన కృష్ణ జాతకం కాదూ! 2000 తర్వాత మూడు నాలుగేళ్లు నది సముద్రం మొహం చూసింది నామమాత్రం. తర్వాత 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షలు దాటాయి. అంతకుముందు రికార్డు 1903 నాటిది, 10.60 లక్షలు. మళ్లీ 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు. నూట ఆరేళ్లు కదలని రికార్డు పదిహేనేళ్లలో రెండుసార్లు చెరిగింది. కాకతాళీయమా, వానల తీరు మారిందా, పైన గేట్లు ఎత్తే తీరులో ఉందా? నాకు తెలియదు, మీకూ తెలియదు, ఏ శాఖకీ ఖాయంగా తెలియదు. దాన్నే ప్రశ్న అంటాను.

దివి: బాగుంది. నేనూ ఓ లెక్క చెబుతాను. కృష్ణ నీళ్లు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుంచి 1971–72 దాకా 78 ఏళ్ల ప్రవాహం తీసుకుంది. నూటికి 75 ఏళ్లు ఖాయంగా దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961–62 నుంచి 47 ఏళ్లే చాలంది. అదే 75 శాతానికి 2,173 వచ్చింది. నది అదే. ఏళ్లు మార్చారు, నీళ్లు పెరిగాయి. ఆ పెరిగిన నీళ్లలో పైరాష్ట్రాలకీ వాటాలు రాశారు. అది ఇంకా అమల్లోకి రాకపోవడం మా అదృష్టం. అంచేత బావగారూ, ఏ లెక్క ముందు, ఏ ఏళ్లు ముందు అన్నది నీళ్లు ఎటు పోవాలో చెప్పే మాట. ప్రశ్న రాసినవాడు సగం తీర్పు రాసినట్టే.

బందరు: ఒప్పుకుంటాను. కానీ ఆ మాట మీకే తగులుతుంది. బచావత్ ముందు మన డెల్టా 181.2 టీఎంసీలు నిలబెట్టుకుంది దేనివల్ల? కాటన్ హయాంలో 1855కి పూర్తయిన ఆనకట్ట, అప్పట్నుంచీ సాగిన వాడకం, దాని లెక్క. లెక్క ఉన్నవాడికి వాటా ఉంది. మీ శివారుకి ఏ తూము దగ్గర ఎంత వచ్చిందో, మీ మురుగు కాలవలోంచి ఎంత పోయిందో లెక్క ఉందా?

దివి: కాలవ చూసే లస్కరు దగ్గర పుస్తకం ఉండేది.

బందరు: ఇప్పుడు?

దివి: ఇప్పుడు లస్కరే లేడు.

(ఈ దెబ్బ ఇద్దరికీ తగిలిందని నా ఉద్దేశం. కొలవాలన్న శాస్త్రవేత్త వాదన నెగ్గింది. కొలిచే మనిషిని తీసేసి కంప్యూటర్ నమూనాలు అల్లుకుంటున్నారన్న రైతు వాదనా నెగ్గింది.)

దివి: సరే, ముందు మీ కాగితంలో మొదటి ప్రశ్న చదవండి.

బందరు: “బ్యారేజీకి ఎంత వరద, ఎప్పుడు వస్తుందో ఎన్ని రోజుల ముందు చెప్పగలం?” 11.43 లక్షల క్యూసెక్కులంటే రోజుకి దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజీలో పట్టేది మూడు, అంటే ముప్పావుగంట నీరు. పైన పులిచింతల 45.77 టీఎంసీలు. పూర్తిగా ఖాళీ చేసి కూర్చున్నా సగం రోజులో నిండిపోతుంది. పట్టి ఆపే దారి లేదు కాబట్టి ముందుగా తెలుసుకోవడమే మిగిలింది. అంచనా మీద మీకు నమ్మకం లేకపోతే మీ ఊళ్లనే అడగండి. 1977 నవంబరు 19 శనివారం. దివిసీమలో ఉప్పెనకి పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే సుమారు పదివేలు. 1990 మే 9న దాదాపు అంతటి తుఫానే మళ్లీ కృష్ణ మొగల దగ్గరే తీరం దాటింది. అప్పుడు పోయింది వెయ్యికి లోపు. అదే తీరం, పదమూడేళ్ల తేడా. ఆ మధ్యలో బందరులో తుఫాను రాడార్ వచ్చింది, ఇన్‌శాట్ వచ్చింది, హెచ్చరిక ఊరిదాకా చేరే ఏర్పాటు వచ్చింది.

దివి: తుఫాను షెల్టర్లు వచ్చాయి. లారీలు, బస్సులు వచ్చాయి. కదలమంటే కదిలే జనం వచ్చారు. డెబ్బై ఏడు చూసిన కళ్లు కదా, ఎవరూ బతిమాలించుకోలేదు. రాడార్‌ని నేను తక్కువ చేయడం లేదు. మా నాన్న తరం దానికి దండం పెట్టేది. కానీ ఒకటి గమనించారా? ఆ విజయం ప్రాణాలది. ప్రాణం దక్కాక మిగిలిన బతుకు సంగతి మీ మొదటి ప్రశ్నలో లేదు. బ్యారేజీ దగ్గర ఎంత వదిలారో గంటగంటకీ టీవీలో వేస్తారు. నాకు తెలియంది వేరే. నీళ్లు మా పొలంలోకి వచ్చాక ఎన్నాళ్లుంటాయి? నాటు వేసిన పదిరోజులకి మునిగిన చేనుకీ, పొట్ట మీదున్న చేనుకీ తేడా ఉంది. రెండు రోజుల్లో తీస్తే ఎరువు చల్లుకుని బతికించుకుంటాం. వారం నిలిస్తే మళ్లీ నారు వెతుక్కోవాలి. ఎంత వస్తుందన్నది విజయవాడ ప్రశ్న. ఎన్నాళ్లుంటుందన్నది దివిసీమ ప్రశ్న.

బందరు: అది ప్రశ్న కాదు బావగారూ, పని. డ్రెయిన్లలో పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, సముద్రం దగ్గర స్లూయిస్ తలుపులు బాగుచేయాలి. దీనికి పరిశోధన ఎందుకు? డెల్టా మురుగునీటి మీద 1960లలోనే మిత్రా కమిటీ వేశారు. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమే చేశారు.

దివి: కట్టాం. మా నాన్న కట్టాడు.

బందరు: కదా! తెలిసిన సమాధానాన్ని మళ్లీ ప్రశ్నగా రాస్తే ఏమవుతుంది? “అధ్యయనం జరుగుతోంది” అని ఇంకో పదేళ్లు గడుపుతారు. మీరు చేర్చమంటున్నవన్నీ ఈ కాగితంలో చేరిస్తే అది పరిశోధన జాబితా కాదు, జడ్పీ మీటింగులో పనుల జాబితా అవుతుంది. మీకు నష్టమేగాని లాభం లేదు.

దివి: ఈ మాట బాగుంది. పరిశోధన పేరుతో పని ఆపేవాళ్లని నేనూ చూశాను. మరైతే చెప్పండి, మా రత్నకోడులాంటి డ్రెయిన్ ఎంత లోతు తవ్వాలో తెలుసా?

బందరు: డిజైన్ లోతు రికార్డులో ఉంటుంది.

దివి: ఆ లోతుకి తవ్వితే వానాకాలం నీరు లాగేస్తుంది. మేలే. వేసవిలో కాలవలు కట్టేశాక అదే డ్రెయిన్ దారిన పోటుకి సముద్రం పైకొస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా పైకి. పోటు వెనక్కి పోయినా ఉప్పు పోదు, బోర్లలోకి దిగుతుంది. నది పారే రోజుల్లో మంచినీరు దాన్ని అడ్డుకునేది. ఇప్పుడు మాకు పారే నెలలెన్ని? లోతు తవ్వితే ఉప్పు, తవ్వకపోతే ముంపు. ఎంత తవ్వితే రెండూ ఓర్చుకోగలమో ఏ రికార్డులో ఉందో చూపించండి, నోరు మూసుకుంటాను.

బందరు: ...లేదు.

దివి: ఇంకోటి. కాలవలకి సిమెంటు లైనింగు చేస్తే నీరు ఆదా అంటారు. కాలవ గట్టున ఊటకి దిగే ఆ నీరే మా తాగే బావుల్లో పైన తేలే తీపి నీరు. కింద ఎలాగూ ఉప్పే. మీరు ఆదా చేసింది ఎవరి బావిలోంచి? ఇది పనా, ప్రశ్నా?

బందరు: ప్రశ్నే. రాసుకుంటున్నాను. అయితే ఉప్పు గురించి మాట్లాడేటప్పుడు రొయ్యల చెరువుల మాట కూడా ఎత్తాలి. ఉప్పునీరు పోటు మీదే వస్తోందా, పక్క చెరువులోంచి ఊరుతోందా? మీ తమ్ముడుగారికి నాగాయలంకలో చెరువులున్నాయి కదా, కొలబద్ద అక్కడ కూడా పెట్టనిస్తారా?

దివి: ...అడిగి చెబుతాను.

(ఉమ్మడి పరిశోధన అనగానే డబ్బు, పరికరాలు గుర్తొస్తాయి. అసలు కష్టం ఇక్కడుంది: కొలిస్తే బయటపడేది ఎవరి తప్పో ముందే కొంత ఊహ ఉన్నప్పుడు, కొలవడానికి ఎవరు ఒప్పుకుంటారు?)

ఇంతసేపూ వింటున్న ఇంటావిడ ఇక ఆగలేకపోయింది. దివి బావగారికి కూతురు, బందరు బావగారికి కోడలు.

గుడివాడ: నాన్నా, మావయ్యగారూ, మీ ఇద్దరి గొడవా కృష్ణ మీదే. 2024లో మా నందివాడ మండలం ఊళ్లని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచిందీ అదే. బ్యారేజీ దగ్గర అంకె చూసుకుంటూ అందరూ కూర్చున్నారు, నీళ్లు వెనక గుమ్మంలోంచి వచ్చాయి. మీ 23లో బుడమేరు ఉందా?

బందరు: ఉందమ్మా, పేరు లేకుండా ఉంది. ప్రవాహం కొలవని చిన్న నదుల్లో అంచనా ఎలా కట్టాలన్నది మా శాస్త్రంలో పెద్ద సమస్యే. 2003 నుంచి 2012 దాకా పదేళ్లు ప్రపంచం మొత్తం దాని మీద పనిచేసింది.

గుడివాడ: పన్నెండులో అయిపోతే ఇరవై నాలుగులో మాకెందుకు చెప్పలేదండీ?

బందరు: మైలవరం కొండల వాన కొన్ని గంటల్లో వచ్చేస్తుంది. పెద్ద నదికి దొరికే వ్యవధి దానికి దొరకదు. పైగా వెలగలేరు దగ్గర మళ్లించిన నీరు డైవర్షన్ కాలవలో పోయి బ్యారేజీ ఎగువన కృష్ణలోనే కలవాలి. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతుంది? వెనక్కి ఎగదన్నుతుంది. గట్టు తెగుతుంది. రెండు వరదలూ ఒకే రోజుల్లో రావడం అనేదాన్ని విడివిడిగా లెక్కేస్తే దొరకదు.

గుడివాడ: మూడోది వదిలేశారు. బుడమేరు కొల్లేట్లోకి పోతుంది, కొల్లేరు ఉప్పుటేరు దారిన సముద్రంలోకి పోవాలి. సముద్రం పోటు మీదుంటే? అక్కడా వెనక్కే. నాన్న దివిసీమలో చెప్పేదీ, మాకు ఇక్కడ జరిగేదీ ఒకటే. ఇంకో సంగతి. మైలుకి అడుగు వాలు కూడా దొరకని నేల మనది. ఇక్కడ చేపల చెరువు గట్టే కొండ. ఏటా కొత్త గట్టు లేస్తుంది, పాతది పోతుంది. ఏ సంవత్సరం మ్యాపు పెట్టుకుని లెక్కలు వేస్తారు? 2022లో జిల్లాలు మార్చారు. బుడమేరు పుట్టేది ఎన్టీఆర్ జిల్లా, వచ్చేది మా కృష్ణా జిల్లా మీదుగా, చేరేది ఏలూరు జిల్లా. ముగ్గురు కలెక్టర్లు. ఎవరి జాబితాలో మొత్తం ఏరు ఉంది?

దివి: చూశారా బావగారూ, పొలం లేకపోయినా ప్రశ్న తెలిసింది.

బందరు: నేను మొదట అన్నదీ అదే!

(ఇద్దరూ తామే నెగ్గామనుకున్నారు. నిజానికి మొదటి ప్రశ్న మారిపోయింది. నదిలో వరద, ఊరి మీద వాన, సముద్రంలో పోటు, ఈ మూడూ ఒకేసారి వస్తే ఏ గ్రామంలో నీరు ఎన్నాళ్లు నిలుస్తుంది? ముగ్గురికీ తెలియంది ఇదొక్కటే. బాధ ముగ్గురిదీ వేరు. తెలియనితనం మాత్రం ఒకటే. ఉమ్మడి ప్రాధాన్యం అంటే బాధల్ని కూడి సగటు తీయడం కాదని నాకు ఇక్కడే తోచింది.)

దివి: సరే, సమాధానం కోసం ఏం కావాలి?

బందరు: కనీసం కొన్ని వానాకాలాల కొలతలు.

దివి: అప్పటిదాకా మేం చెప్పేది పనికిరాదా? 2009లో నీళ్లు ఎందాకా వచ్చాయో మా బడి గోడ మీద గీత ఉంది. ఏ గాలికి మొగ పూడుతుందో, ఏ పోటుకి స్లూయిస్ తలుపు పడుతుందో చేపలు పట్టేవాళ్లు చెబుతారు.

బందరు: గీత పనికొస్తుంది, ఎవరు ఎప్పుడు గీశారో తెలిస్తే. జ్ఞాపకం మీద నాకు అనుమానమే. డెబ్బై ఏడు ఉప్పెన ఎత్తు అడిగితే ప్రతి ఊరూ తమదే ఎక్కువంటుంది. మామూలు జనం చెప్పేదాని విలువ ఎంత, పరికరం కొలతతో పోలిస్తే దాన్ని ఎంత నమ్మొచ్చు అన్నది ఆ 23లో ఒకటి. అంటే 230 మందికీ ఇంకా తెలియదు. అంతర్జాతీయ సంఘం 2023 నుంచి 2032 దాకా పెట్టుకున్న దశాబ్దం అచ్చంగా స్థానిక జనంతో కలిసి పనిచేయడం మీదే. నేను వద్దనడం లేదు. మీ గీతలన్నీ లెవెల్ పెట్టి కొలిపిద్దాం, తప్పినవి తీసేద్దాం. మీరు బాధపడకూడదు.

దివి: మీ నమూనా తప్పితే తీసేస్తారా?

బందరు: ...తీసేస్తాం.

గుడివాడ: ఆలోచించి చెప్పారు మావయ్యగారు.

బందరు: ఇక రెండో ప్రశ్న ఉప్పు, లోతు. మీరన్నదే. మూడోది మాత్రం మీరెవరూ అడగనిది: ఒండ్రు. 1967లో నాగార్జునసాగర్, తర్వాత శ్రీశైలం వచ్చాక నది తెచ్చే మట్టిలో అత్యధిక భాగం పైనే ఆగిపోతోంది. డెల్టా అంటేనే నది తెచ్చిన మట్టి. రావడం ఆగితే నేల కుంగుతుంది, ఒడ్డు తెగుతుంది.

దివి: ఎదురుమొండి, నాచుగుంట వైపు తెగుతూనే ఉంది, చూస్తూనే ఉన్నాం. కానీ దీని సమాధానం తెలిసి రేపు నేను చేసేదేముంది? శ్రీశైలం తవ్వుకొస్తానా? నా జాబితాలో అయితే ఇది ఆఖర్న.

బందరు: అందుకే ఒక్క గ్రామసభ మీద వదలకూడదంటాను. వరదకి బాధితులుంటారు, అర్జీలుంటాయి, విలేకరులొస్తారు. ఒండ్రుకి అర్జీ పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. మీ మనవడికి పెళ్లీడు వచ్చేనాటికి పెడతాడు. మనవడు నాకూ మనవడే కాబట్టి చెబుతున్నాను, దీన్ని మూడో చోటు నుంచి దించను.

దివి: పోనీ, ఉంచండి. నాది ఒక్క షరతు. మొదటి ప్రశ్నకి మీరు పాతబోయే కొలబద్దలు బ్యారేజీ నుంచి కిందికి రాకూడదు. మొగల దగ్గర మొదలుపెట్టి పైకి పాతుకుంటూ పోవాలి. ఆ అంకెలు అదేరోజు మా ఊరి సచివాలయం బోర్డు మీద ఉండాలి.

బందరు: అలా ఎవరూ చేయరండీ. ప్రాజెక్టులన్నీ పైనుంచే మొదలవుతాయి. మధ్యలో డబ్బు అయిపోతే?

దివి: ఎప్పుడూ అవుతుంది కదా. ఈసారి బ్యారేజీ దగ్గర అయిపోనివ్వండి. అక్కడ ఎలాగూ నూట ముప్పై ఏళ్ల లెక్క ఉంది.